మందిరంలో మోత గురించి మా సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘ కాపరి గారికి, కమిటీ పెద్దలకు, కోశాధికారి గారికి, ఆరాధన బృందంలో నాతో కలిసి వాయించే తమ్ముళ్లకు, పాడే చెల్లెళ్లకు,

ప్రభువు నామంలో వందనాలు.

ఇరవై రెండేళ్లుగా ఒంగోలులోని మన మందిరంలో గిటారు వాయిస్తున్నాను. వేదిక మీది మోత గురించి మీకు ఇప్పటికి రెండు ఉత్తరాలు ఇచ్చాను. మొదటిది క్రిస్మస్ వెళ్లిన వారంలో, రెండోది వేసవిలో యువజన కూడికలకు ముందు. మొదటిదానికి “ప్రార్థనలో పెడదాం” అన్నారు. రెండోది కమిటీ ముందుకు రానే లేదని తరువాత తెలిసింది. ఇంతలో, పంట పండుగ నాటికి వేదికకు, గిటారు శబ్దాన్ని వాల్వులతో (గాజు గొట్టాలతో) పెంచే రెండు కొత్త ట్యూబు యాంప్‌లు, ఇప్పుడున్న వాటికన్నా పెద్ద స్పీకర్లు కొనాలని తీర్మానమైనట్టు మొన్న ఆదివారం ప్రకటనల్లో విన్నాను. నా ఉత్తరాలకు జవాబు అదే కాబోలు అనుకున్నాను. అందుకే ఈసారి కవరులో పెట్టకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

ఎవరినో వేలెత్తి చూపాలని ఇది రాయడం లేదు. చూపవలసి వస్తే ఆ వేలు మొదట నా వైపే తిరగాలి. వేదిక మీద అన్నిటికన్నా ఎక్కువ మోత చేసే వస్తువు నాదే. నలభై వాట్ల ట్యూబు యాంప్. మూడు నెలల జీతం పోసి కొన్నాను. దాని మీద దుమ్ము పడితే నా భార్య కన్నా ముందు నాకే కనిపిస్తుంది. ఇలాంటి యాంప్ వాడినవారికి దాని గుణం తెలుసు. సన్నగా పెడితే పీలగా పలుకుతుంది. లోపలి వాల్వులను వాటి హద్దు దాకా నెడితే తప్ప ఆ కమ్మని నాదం రాదు. ఆ హద్దు మన హాలు భరించగలిగే దానికన్నా చాలా పైన ఉంది.

నలభై ఎక్కువైతే ఇరవై వాట్లది కొంటే సరిపోదా అని కమిటీలో ఒకరు అడిగారట. సరిపోదు. వాట్లు సగమైతే శబ్దం తగ్గేది, డెసిబెల్స్ అనే శబ్దపు కొలతలో, 3 మాత్రమే. చెవికి సగం తగ్గినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి. అంటే పదో వంతు శక్తి, నాలుగు వాట్లు. నాలుగు వాట్ల ట్యూబు యాంప్‌ను కూడా పూర్తిగా తిప్పితే చిన్న మందిరంలో గట్టిగానే మోగుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. యాంప్ నేల మీద, నా మోకాళ్ల వెనుక ఉంటుంది. మోకాళ్లకు చెవులు లేవు కదా. గిటారు స్పీకరులోంచి వచ్చే పదునైన పై స్వరాలు టార్చిలైటు వెలుతురులా నేరుగా ముందుకే పోతాయి. అందువల్ల నాకు మెత్తగా వినిపించేది, నాకు ఎదురుగా కుడి వైపు మూడో బల్లలో కూర్చున్నవారి ముఖాన గాజుపెంకులా తగులుతుంది. నాకు సరిగా వినిపించడం లేదని నేను పెంచుతాను. నేను పెంచితే కీబోర్డు తమ్ముడు తన మానిటరు (వాయించేవారికి తమ శబ్దం తమకు వినిపించే చిన్న స్పీకరు) పెంచమని చేయి ఊపుతాడు. పాడేవారికి తమ గొంతు తమకు వినిపించదు, వాళ్లూ పెంచమంటారు. మైకులు కీచుమంటాయి. ఆ గందరగోళం పైన మాటలు వినిపించాలని సౌండు ఆపరేటరు పెద్ద స్పీకర్లను ఇంకా పైకి తోస్తాడు. తరువాత అందరూ వెనక్కి తిరిగి చూసేది అతని వైపే. మందిరంలో జీతం లేకుండా అందరి తిట్లూ తినే పరిచర్య అదొక్కటే. అసలు దోషం మొదలైంది నా మోకాళ్ల దగ్గర.

దీనివల్ల ఎవరికి ఏమి జరుగుతున్నదో వరుసగా చెబుతాను.

1. మన పెద్దవాళ్లు లోపల కూర్చోవడం లేదు. కుడి వైపు మొదటి మూడు బల్లలు ఖాళీగా ఉంటే ఆలస్యంగా వచ్చేవారి కోసం వదిలారని మీరు అనుకుంటున్నారు. వరండాలోకి వెళ్లి చూడండి. కుర్చీలు వేసుకుని కూర్చున్నవారిలో సగం మంది ఆ బల్లలవారే. ఒక మామ్మగారు పుస్తకం అక్కర లేకుండా పాత కీర్తనలన్నీ చివరి చరణం దాకా పాడేవారు. నేను చిన్నప్పుడు పాటలు నేర్చుకున్నది ఆవిడ వెనక బల్లలో నిలబడి. ఇప్పుడు వరండాలో కూర్చుని పెదవి మెదపరు. “నా గొంతు నాకే వినపడనప్పుడు ఎందుకు నాయనా” అన్నారు. చెవి మిషను పెట్టుకున్న మాస్టారు ఒకరు పాటలు మొదలవగానే దాన్ని తీసి జేబులో వేసుకుంటారు. ప్రసంగం మొదలైనాక మళ్లీ పెట్టుకోవడం కొన్నిసార్లు మరిచిపోతారు. పసిపిల్లల తల్లుల సంగతి వేరే చెప్పాలా? మొదటి పాట రెండో చరణానికే చెప్పుల దగ్గర నిలబడి ఉంటారు.

2. మన పిల్లల చెవులు. అమెరికాలో వృత్తి ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ అనే సంస్థ లెక్క ఒకటి ఉంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 94 అయితే ఒక గంట, 97 అయితే అరగంట, 100 అయితే పావుగంట. మన స్తుతి ఆరాధన యాభై నిమిషాలు, అదీ రెండు ఆరాధనల్లో, శనివారం సాయంత్రం రిహార్సల్స్ అదనం. నా ఫోనులోని యాప్ ప్రయోగశాల పరికరం కాదు, ఒప్పుకుంటాను. అయినా మూడో బల్ల దగ్గర అది 97కూ 100కూ మధ్య ఆడింది. వేదిక మీద, డ్రమ్ములకూ నా యాంప్‌కూ మధ్య నిలబడి పదహారేళ్ల కుర్రవాడు బేస్ గిటారు వాయిస్తున్నాడు. అక్కడ కొలవడానికి నాకు ధైర్యం చాలలేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వినోద వేదికల కోసం ఒక ప్రమాణం ప్రకటించింది. పావుగంట సగటు 100 డెసిబెల్స్ దాటకూడదన్నది. అది కచేరీలకూ క్లబ్బులకూ గీసిన గీత. మనం మందిరంలో కూర్చుని ఆ గీత పక్కనే తిరుగుతున్నాం.

నా ఎడమ చెవిలో రెండేళ్లుగా సన్నని ఈల ఆగకుండా మోగుతున్నది. యాంప్ ఉండేది నా వెనుక, ఎడమ వైపు. డాక్టరు పరీక్ష చేసి గీసి ఇచ్చిన గీత, సన్నని పై స్వరాలు వచ్చే చోట గుంటలో పడినట్టు దిగిపోయింది. అది తిరిగి పైకి రాదని చెప్పారు. నాకు పోయింది పోయింది. ఆ పదహారేళ్ల పిల్లవాడికి కూడా పోవాలా?

3. ఇరుగుపొరుగు. మన గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు ఆదివారం ఉదయం నిద్రపోవాలి. ఎదురింటి అమ్మాయి మొన్న పదో తరగతి పరీక్షలు రాసింది. ఆ రెండు ఇళ్లవారూ గొడవ పెట్టుకునే మనుషులు కారు, మన క్రిస్మస్ కేకు తింటారు. వాళ్లు వచ్చి మర్యాదగా చెప్పినప్పుడు మనం ఇచ్చిన సమాధానం, “రోడ్డు మీద బస్సుల మోత వినపడదా?” అని.

ఈ వాదన కొత్తది కాదు. మద్రాసులో మాధవరం హైరోడ్డు దగ్గర మూడు వందల మంది సభ్యులున్న ఒక సంఘం, డ్రమ్ సెట్టు, గిటారు, లౌడు స్పీకర్లతో ఆరాధించేది. కాలనీవారు ఫిర్యాదు చేశారు. మోతలో వాహనాల పాలు కూడా ఉందని అధికారుల నివేదికల్లోనే తేలింది. అయినా 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఆ సంఘం వాదనను ఒప్పుకోలేదు. ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగిస్తూ ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని, మతం పేరిట వృద్ధులకు, రోగులకు, విద్యార్థులకు, నిద్రపోయే పిల్లలకు ఇబ్బంది కలిగించే హక్కు ఎవరికీ లేదని చెప్పింది. ఆ కేసులో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది మనలాంటి ఒక క్రైస్తవ సంఘమే. కమిటీ బీరువాలో ఆ తీర్పు ప్రతి ఒకటి ఉండాలి.

అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ ప్రమాణం. లౌడు స్పీకరు వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రమాణానికి మరో 10 మించకూడదు. అంటే పగలు మన ప్రహరీ దగ్గర 65. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, నాలుగు గోడల మధ్య మూసిన హాళ్లలో తప్ప, లౌడు స్పీకర్లు గానీ యాంప్లిఫయర్లు గానీ వాడకూడదు. పండుగలకు ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. అర్ధరాత్రి తరువాత అదీ లేదు. మనకు ఏసీ లేదు, కిటికీలన్నీ బార్లా తెరిచే ఉంటాయి. కొత్త సంవత్సరపు ఆరాధన ఎన్ని గంటలకు ముగుస్తుందో మీకే తెలుసు. ఒక ఫిర్యాదు పోలీసు స్టేషనుకు చేరితే వెళ్లి సంతకం పెట్టవలసింది మన సెక్రటరీ గారే.

4. సంఘం పాడడం మానేసింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఒక ఆదివారం రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు అందుకోవడానికి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషంలో వినిపించింది ఎంతమంది గొంతులో లెక్కపెట్టవచ్చు. రెండు వందల యాభై మంది ఉన్న హాలులో వేదిక మీదివారు, ఎడమ వైపు ముందు బల్లల స్త్రీల సమాజం తప్ప ఎవరూ పాడడం లేదు. ఇంతకు ముందు కరెంటు పోతే పాట ఇంకా పెద్దదయ్యేది. పక్కవాడి గొంతు వినిపిస్తేనే మనిషి తన గొంతు కలుపుతాడు. మోతలో ఎవరికివారు ప్రేక్షకులవుతారు.

5. మంచాన పడి ఫోనులో ఆరాధన చూసేవారికి, కువైట్ నుంచీ డల్లాస్ నుంచీ చూసే మన పిల్లలకు గిటారే వినిపించదు. వింతగా ఉంది కదూ? హాలులో యాంప్ మోతే చాలినంత ఉంది కాబట్టి ఆపరేటరు మిక్సరులో (మైకుల, వాయిద్యాల శబ్దాలన్నిటినీ కలిపే పరికరంలో) గిటారును దాదాపు మూసేస్తాడు. ప్రసారానికి పోయేది ఆ మిక్సరులో ఉన్నదే. ఇక్కడ చెవులు పగలగొట్టే వాయిద్యం అక్కడ లేనే లేదు. పైగా నా యాంప్ శబ్దం పాడేవారి మైకుల్లోకి దూరి వాళ్ల గొంతులను మురికి చేస్తుంది.

6. ఖర్చు. పెద్ద స్పీకర్లకు పోసే సొమ్ము కూలి పని చేసే అక్కల పిడికిలి బియ్యం కానుకల్లోంచి కూడా వచ్చింది.

ఇక పరిష్కారం. కంపెనీలు దాన్ని యాంప్ మోడలర్ అంటాయి, మన కుర్రాళ్లు “ప్రాసెసర్” అంటారు. కాళ్ల దగ్గర పెట్టుకునే ఒక చిన్న పెట్టె. ట్యూబు యాంప్ లోపల జరిగేది, స్పీకరు పెట్టెలో జరిగేది, దాని ముందు మైకు పట్టుకునేది, ఈ మూడింటినీ లెక్కలుగా మార్చి ఒక చిప్పులో నడిపిస్తుంది. గిటారు వైరు ఒక వైపు, మిక్సరుకు వెళ్లే వైరు మరో వైపు. వేదిక మీద గిటారు నుంచి వచ్చే శబ్దం, తీగల చప్పుడు తప్ప, సున్నా. వాల్వులను హద్దు దాకా నెట్టిన ఆ నాదం ఎంత సన్నని వాల్యూమ్‌లోనైనా అలాగే ఉంటుంది. హాలులో ఎంత వినిపించాలో నిర్ణయించే చేయి ఒక్కటే ఉంటుంది, అది మిక్సరు దగ్గర ఉంటుంది.

ఇది నిన్న మొన్న వచ్చిన ప్రయోగం కాదు. రోలాండ్ కంపెనీ 1995లోనే ఇలాంటిది తెచ్చింది. లైన్ 6 వారి పాడ్, చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రగా ఉండేది, 1998లో వచ్చింది. 2006లో ఫ్రాక్టల్ కంపెనీ యాక్స్-ఎఫ్ఎక్స్, 2011లో కెంపర్, 2015లో హీలిక్స్, 2021లో క్వాడ్ కోర్టెక్స్, అన్నీ ఇలాంటి పెట్టెలే. మొదటి వాటి శబ్దం ప్లాస్టిక్ డబ్బా మీద గీరినట్టు ఉండేది. నేనే ఎగతాళి చేశాను. ఇప్పటివి విని ఏది యాంప్, ఏది పెట్టె అని కళ్లు మూసుకుని చెప్పమంటే నేను ఓడిపోయాను. శనివారం రిహార్సల్స్‌లో తమ్ముళ్లే నాకు ఆ పరీక్ష పెట్టారు.

“మిషను సంగీతం మందిరంలోకా?” అన్న మాట నా చెవిన పడింది. అయ్యా, తబలా, డోలక్ పక్కకు పోయి రిథమ్ ప్యాడు వచ్చి ఎన్నేళ్లయింది? కీబోర్డులో వినిపించే వయొలిన్లు, వేణువులు ఎవరు వాయిస్తున్నారు? వాటికి లేని అభ్యంతరం గిటారుకు ఎందుకు? ఇంకొందరు, శబ్దం గట్టిగా ఉంటేనే హృదయాలు కదులుతాయంటారు. 1878 జూలై 3న మన గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు అక్కడ ఒక్క మైకు లేదు. బైబిలులో ఏలీయా ప్రవక్త దగ్గరికి వచ్చిన సన్నని స్వరం గురించి కూడా చెప్పాలని ఉంది గానీ ప్రసంగం నా పని కాదు.

నిజాయితీగా ఒక నష్టం ఒప్పుకోవాలి. యాంప్ ముందు నిలబడితే ప్యాంటు అంచు గాలికి కదులుతుంది, తీగ మీద వేలు పెట్టగానే వెనుక నుంచి ఎవరో వీపు తట్టినట్టు ఉంటుంది. పెట్టెలో అది లేదు. ఇంట్లో దానితో వాయించిన మొదటి నెల నాకు ఒంటరిగా అనిపించింది. శబ్దం ఆలస్యంగా వస్తుందన్న భయం మాత్రం వట్టిది. మంచి ప్రాసెసర్‌లో ఆలస్యం కొన్ని మిల్లీసెకన్లే. గాలిలో శబ్దం ఒక అడుగు నడవడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. యాంప్‌కు పది అడుగుల దూరంలో నిలబడి వాయించినా ఆలస్యమని ఎవరూ ఫిర్యాదు చేయరు.

ఏది కొనాలన్నది ముఖ్యం. పెద్ద పేరున్నదే కావాలని తమ్ముళ్లు అంటారు, వయసు అలాంటిది. లక్ష దాటిన పెట్టెలూ ఉన్నాయి, ఇరవై వేల లోపు పెట్టెలూ ఉన్నాయి. మన పనికి రెండో రకం చాలు. నేను చూడమనేవి వేరే. మెనూలు తక్కువగా, తిప్పే బటన్లు ఎక్కువగా ఉండాలి. గిటారిస్టు ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్లిపోతే, తరువాతి ఆదివారం ఇంటర్ చదివే పిల్లవాడు దాన్ని నడపగలగాలి. స్పీకరు పెట్టె ధ్వనిని అనుకరించే సదుపాయం తప్పనిసరి. అది లేకుండా నేరుగా మిక్సరుకు పెడితే తేనెటీగను అగ్గిపెట్టెలో పెట్టినట్టు ఉంటుంది. మన మిక్సరు హాలు చివర ఉంది, మామూలు గిటారు వైరు అంత దూరం లాగితే గుర్రుమనే హమ్ చేరుతుంది. పెట్టెకు ఆ హమ్ చేరకుండా చూసే బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఉండాలి, లేకపోతే అదే పని చేసే డీఐ బాక్సు అనే చిన్న పరికరం కొనాలి. బాస్ జీటీ-1, జూమ్ జీ1 ఫోర్ లాంటివి నాలుగు పెన్ను బ్యాటరీలతో నడుస్తాయి. పల్లెల్లో మన గృహ కూడికలకు, కరెంటు కోతలకు ఇంతకన్నా ఏమి కావాలి? హీలిక్స్ కుటుంబంలో చిన్నవాటిలో ఒకటైన హెచ్ఎక్స్ స్టాంప్ గొప్ప యంత్రం గానీ, దానికి 9 వోల్టుల దగ్గర 3 ఆంపియర్ల అడాప్టరు కావాలి. అడాప్టరు పోయిందని ఎవరో చేతికందిన దాన్ని పెడితే ఆ ఆదివారం గిటారు ఉండదు. హెడ్‌ఫోను రంధ్రం ఉన్నది తీసుకోవాలి. ఇళ్లలో సాధన చేసే పిల్లల పక్కింటివారు కూడా మనుషులే.

వేదిక మీద యాంప్ కనిపించకపోతే వెలితిగా ఉందంటే దానికీ దారి ఉంది. బాస్ కటానా లాంటి డిజిటల్ యాంప్‌లలో శక్తిని అర వాటుకు దించే మీట ఉంటుంది. దాన్ని నేల మీద కాకుండా కుర్చీ మీద పెట్టి, ముఖం వాయించేవారి చెవి వైపు వంచాలి. నా పాత యాంప్‌తో కూడా రేపటి నుంచే ఈ పని చేయవచ్చు. పైసా ఖర్చు లేదు.

పెట్టె తెచ్చినంత మాత్రాన అద్భుతం జరగదని కూడా చెప్పాలి. ఇంట్లో హెడ్‌ఫోనులో సన్నగా వింటూ తయారు చేసుకున్న ప్యాచ్ (పెట్టెలో దాచుకునే శబ్దపు అమరిక) మందిరంలో పెద్ద స్పీకర్ల మీద బుసకొడుతుంది. తక్కువ శబ్దంలో మన చెవికి కింది స్వరాలు, పై స్వరాలు సరిగా అందవు, అందుకని వాటిని పెంచేస్తాం. అందుకే ప్యాచ్‌లు ఆరాధన జరిగే వాల్యూమ్‌లో, ఖాళీ హాలులో కూర్చుని చేయాలి. వంద హెర్ట్జ్ లోపలి కింది స్వరాలను బేస్‌కు వదిలేయాలి. ఆరేడు వేల హెర్ట్జ్‌కు పైన ఉన్న పదునైన స్వరాలను కోసేయాలి. నాలుగు ప్యాచ్‌లు చాలు. వాయించేవారికి తమది తమకు వినిపించడానికి చెవిలో పెట్టుకునే మానిటర్లు కావాలి. వైర్‌లెస్ అక్కర లేదు, నడుముకు తగిలించుకునే చిన్న హెడ్‌ఫోను యాంప్, వైరు చాలు. వాటిని కూడా గట్టిగా పెట్టుకుంటే నా ఎడమ చెవి గతే. మన హాలు స్లాబు కప్పు, నున్నని టైల్స్ నేల, గాజు కిటికీలు. శబ్దం ఎటు పోయినా తిరిగి వచ్చి మాటల మీద పడుతుంది. మందపాటి పరదాలు, వెనుక గోడకు కొబ్బరి పీచు చాపలు వేస్తే, కొత్త స్పీకర్లు చేయలేని మేలు జరుగుతుంది. ఇవన్నీ చేసినాక కూడా మిక్సరు దగ్గర చేయి పైకే పోతే ఈ లేఖ వృథా.

కాబట్టి పెద్దలను ఇవి కోరుతున్నాను. కోరుతున్నాను అని మర్యాదకు అంటున్నాను, మూడోసారి అడిగేవాడు నిజానికి పట్టుబడుతున్నాడు.

1. ట్యూబు యాంప్‌లు, పెద్ద స్పీకర్ల కొనుగోలును తక్షణం ఆపాలి. బయానా ఇచ్చి ఉంటే వెనక్కి అడగాలి.

2. ఆ సొమ్ములో కొంతతో రెండు ప్రాసెసర్లు, డీఐ బాక్సులు, నలుగురికి చెవి మానిటర్లు కొనాలి. ఏది కొనాలో సౌండు ఆపరేటరును కూర్చోబెట్టి నిర్ణయించాలి. ఇంతవరకు ఆ పిల్లవాడిని ఒక్క కొనుగోలుకూ అడిగినవారు లేరు.

3. శబ్దం కొలిచే పరికరం ఒకటి కొని మిక్సరు పక్కన పెట్టాలి. హాలు మధ్యలో పాటల సగటు 85 దాటకూడదన్నది రాతపూర్వకంగా తీర్మానించాలి. అంకె మీద వాదన ఉంటే వాదించుకుందాం, అసలు అంకె అంటూ ఒకటి ఉండాలి.

4. కమిటీ నుంచి ఇద్దరు ఆ రెండు ఇళ్లకు వెళ్లాలి. కేకు పట్టుకుని కాదు, వినడానికి.

5. రాత్రి పది దాటాక జరిగే ప్రతి ఆరాధనలో యాంప్‌లు, బయటి స్పీకర్లు కట్టేయాలి. కీర్తనలు తాళాలతో, చప్పట్లతో పాడుకుందాం. మన తాతలు రాత్రంతా అలాగే పాడారు.

6. ఆపరేటరుకు, ఇద్దరు యువకులకు శిక్షణ ఇప్పించాలి. నాకు వచ్చినంత నేను నేర్పుతాను, డబ్బు అక్కర లేదు.

7. ఇరవై ఐదేళ్ల లోపు వాయించే పిల్లలందరికీ ఒకసారి చెవి పరీక్ష చేయించాలి.

8. వరండాలోకి వెళ్లిన పెద్దవారిని పేరు పేరునా పిలిచి వారి బల్లలు వారికి ఇవ్వాలి.

నా వంతు నేను మొదలుపెట్టాను. వచ్చే ఆదివారం నుంచి నా ట్యూబు యాంప్ మందిరానికి రాదు. ఒక చిన్న పెట్టె సొంతంగా కొనుక్కున్నాను, మిక్సరుకు పెట్టుకుని వాయిస్తాను. బాగా లేకపోతే నా ముఖం మీదే చెప్పండి. ఈ శనివారం సాయంత్రం ఆరు గంటలకు రిహార్సల్స్. కమిటీ నుంచి కనీసం ముగ్గురు రావాలని మనవి. మొదటి పాట పాత యాంప్‌తో, రెండో పాట పెట్టెతో వాయిస్తాం. దయచేసి వేదిక మీద మీ కుర్చీల్లో కూర్చోవద్దు. కుడి వైపు మూడో బల్ల మీ కోసం తుడిచి ఉంచుతాను. మామ్మగారిని కూడా పిలిచాను, వస్తానన్నారు.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు,
కుడి వైపు గిటారు వాయించేవాడు